చెరువు సముద్రంలో పడింది: డిగ్రీ జాగ్రఫీ జీపీఎస్ ప్రాక్టికల్ మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పాలమూరు ప్రాంతంలోని ఒక డిగ్రీ కాలేజీలో నేను జాగ్రఫీ చెబుతాను. కాలేజీ పేరు, చెరువు పేరు, బ్యాచ్ సంవత్సరం రాయడం లేదు. పిల్లల ఇంటి వివరాలు కొన్ని మార్చాను. జరిగిన తప్పు మాత్రం జరిగినట్టే రాస్తున్నాను. జీపీఎస్ పాఠం చెప్పే తోటి లెక్చరర్లకు అదే పనికొస్తుంది.

ఆ ఏడు చివరి సంవత్సరం జాగ్రఫీలో పద్నాలుగు మంది ఉన్నారు. ఎక్కువమంది తెలుగు మీడియం వాళ్లు, లెక్కలు టెన్త్‌తోనే వదిలేసినవాళ్లు. జీపీఎస్ అంటే వాళ్లకు తెలియంది కాదు. ఆటో బుక్ చేసుకోవడం, పెళ్లి కార్డుతో పాటు వాట్సాప్‌లో లొకేషన్ పంపుకోవడం రోజూ చేసే పనే. కానీ అది ఎలా పనిచేస్తుందో అడిగితే పద్నాలుగు మందిలో పదకొండు మంది ఒకటే రాశారు: "ఫోన్ సిగ్నల్ ఉపగ్రహానికి వెళ్తుంది, ఉపగ్రహం మనం ఎక్కడున్నామో చూసి చెబుతుంది."

ఈ పొరపాటును తీసేయకుండా ముందుకు పోవద్దనుకున్నాను. ఉపగ్రహానికి మన ఫోన్ ఉన్న సంగతే తెలియదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ అది చెప్పేది రెండే మాటలు: ఇప్పుడు టైం ఇంత, నేను ఇక్కడున్నాను. ఫోన్ ఊరికే వింటుంది. ఆ మాట చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి దూరం లెక్క కట్టుకుంటుంది. మన ఊళ్లలో మెరుపు మెరిశాక ఉరుము వినపడేదాకా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, మూడు అంకెలకు ఒక కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. జీపీఎస్ చేసేదీ అదే లెక్క. తేడా ఏమిటంటే ఇక్కడ వచ్చేది రేడియో తరంగం, సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పినా దూరం మూడు వందల మీటర్లు తప్పుతుంది. అందుకే ఉపగ్రహంలో అణు గడియారం పెడతారు. ఫోన్‌లో ఉండేది చౌక గడియారం కాబట్టి, దాని తప్పును కూడా లెక్కలోకి తీసుకోవడానికి మూడు ఉపగ్రహాలు చాలవు, నాలుగోది కావాలి. మన ఇస్రో 2013 జూలై 1న పంపిన మొదటి నావిగేషన్ ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ లో అణు గడియారాలు పాడయ్యాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉన్నా స్థానం చెప్పే పనికి అక్కరకు రాలేదు. ఈ ఒక్క సంగతి చెప్పగానే గడియారం ఎందుకంత ముఖ్యమో క్లాసుకు అర్థమైంది.

మెరుపు, ఉరుము పోలిక బాగా పట్టుకున్నారు. ఇక ఫీల్డుకు వెళ్లొచ్చు అనిపించింది.

సమస్య

ప్రాక్టికల్‌కు చెరువును ఎంచుకున్నాను. కాలేజీ ప్రహరీ కొలిపిస్తే సులువే, కానీ వచ్చిన అంకె ఒప్పో తప్పో పిల్లలకు తెలియదు. చెరువు అలా కాదు. దాని కింద ఎన్ని ఎకరాలు పారుతుంది, నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి, ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. తప్పు అంకె వస్తే పిల్లలే ముందు పట్టుకుంటారన్నది నా ఆలోచన.

కాలేజీలో చేతి జీపీఎస్ యంత్రాలు రెండే ఉన్నాయి. వాటిలో ఒకదాని బ్యాటరీ మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నాం. అందుకని ఫోన్లతోనే చేద్దామనుకున్నాం. రెండు జట్లు చేశాను. ఒక జట్టు తూము దగ్గర నుంచి పడమటి వైపు, రెండోది అలుగు దగ్గర నుంచి తూర్పు వైపు నడుస్తూ, యాభై అడుగులకు కాకుండా యాభై మీటర్లకు ఒక పాయింటు చొప్పున రాసుకోవాలి.

ఇక్కడ నేనొక నిర్ణయం తీసుకున్నాను. యాప్‌లో అక్షాంశ రేఖాంశాలు కాకుండా యూటీఎం (భూమి మీది చోటును మీటర్లలో చెప్పే గళ్ల పద్ధతి) అంకెలు చూపించేలా పెట్టుకోమన్నాను. డిగ్రీలను గుణిస్తే ఎకరాలు రావు. యూటీఎంలో అంకెలు నేరుగా మీటర్లలో వస్తాయి, ముందు గ్రాఫ్ కాగితం మీద చేత్తో గీసి చూడొచ్చు. చేత్తో గీస్తేనే పటం చేతికొస్తుందని నేను ఇప్పటికీ నమ్ముతాను. రికార్డు బుక్కులో మూడు గళ్లు గీయించాను: పాయింటు నంబరు, ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత), నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత).

సాయంత్రానికి 41 పాయింట్లు వచ్చాయి. ఎవరి సగం వాళ్లు గ్రాఫ్ మీద గీశారు. రెండు సగాలూ ముచ్చటగా వచ్చాయి. కట్ట వంపు, అలుగు దగ్గరి నొక్కు అన్నీ కనిపించాయి.

మర్నాడు ల్యాబులో 41 పాయింట్లనూ ఒకే ఫైలులో కొట్టి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచాం. యూటీఎం భూమిని జోన్లు అనే నిలువు పట్టీలుగా విడదీస్తుంది. తెలంగాణలో ఎక్కువ భాగం 44వ జోన్‌లోకి వస్తుంది కాబట్టి దాన్నే ఎంచుకోమన్నాను. తెర మీద రెండు చిన్న చుక్కలు కనిపించాయి. ఒకటి మన దగ్గర, ఇంకొకటి విశాఖపట్నానికి ఆగ్నేయంగా వంద కిలోమీటర్లు దాటి బంగాళాఖాతం నడుమ. రెండింటినీ కలుపుతూ దారం లాంటి గీత. విస్తీర్ణం అడిగితే డెబ్బై వేల ఎకరాలకు పైగా చూపించింది.

"మేడం, మన చెరువు సముద్రంలో పడ్డది" అంది ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి. ఆమె కుటుంబానికి ఆ చెరువు కిందే పొలం ఉంది. ఆమె ముఖంలో నిజమైన కంగారు చూశాను.

పని చేయని ప్రయత్నాలు

మొదట అందరం టైపింగ్ తప్పు అనుకున్నాం. ఒకరు రికార్డు బుక్కు చదువుతుంటే ఇంకొకరు తెర మీద సరిచూశారు. 41 లో రెండు చిన్న తప్పులు దొరికాయి. అవి దిద్దినా పడమటి సగం సముద్రంలోనే ఉంది.

తర్వాత ఫోన్ల మీద అనుమానం వచ్చింది. పడమటి జట్టు వాడింది పాత ఫోన్లు. తూర్పు జట్టులో ఒక కుర్రాడి దగ్గర కొత్త ఫోన్ ఉంది. "తక్కువ రేటు ఫోన్లు గిట్లనే చూపిస్తయి" అని ఒకడు అన్నాడు. ఆ మాట పడమటి జట్టుకు నొప్పి కలిగించింది. నేను అప్పుడే ఆపాల్సింది. ఫోన్ మంచిదైనా కాకపోయినా, ఆరుబయట తేడా కొన్ని మీటర్లే ఉంటుంది. చెట్ల కింద, గోడల పక్కన ఇంకొన్ని మీటర్లు పెరగొచ్చు. వందల కిలోమీటర్ల తప్పుకు ఫోన్ ధర కారణం కాలేదు.

నేను ఆపకపోవడానికి కారణం, నా బుర్ర ఇంకో దారిలో ఉంది. ఇది డేటమ్ (భూమి ఆకారాన్ని ఏ లెక్కలో తీసుకుని కొలిచామన్నది) సమస్య అని నాకు నేనే తేల్చుకున్నాను. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు (నేల వివరాల పటాలు) ఎవరెస్ట్ అనే పాత లెక్క మీద గీసినవి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84. పాత షీటు మీద జీపీఎస్ పాయింటు పెడితే జరిగి కూర్చుంటుంది. పరీక్షలకు ఎప్పుడూ చెప్పే పాఠం కావడంతో నోటికి అదే వచ్చింది. 1802 లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వే అధికారి గొలుసు పట్టి మొదలుపెట్టిన సర్వే దగ్గర్నుంచి, ఆ లెక్కకు పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ దాకా ఒక గంట చెప్పాను. క్లాసు శ్రద్ధగా విన్నది.

చివర్లో ఆ అమ్మాయే లేచి అడిగింది. "మేడం, ఆ తేడా మన దగ్గర ఒకటి రెండు వందల మీటర్లు అన్నరు కదా. మరి సముద్రం ఎట్లొచ్చింది?"

సమాధానం లేదు. గంటసేపు నేను చెప్పిన పాఠంలో తప్పు లేదు, కానీ మా ముందున్న సమస్యకు అది చెందింది కాదు. తప్పు పరిమాణాన్ని నేను కొలవలేదు, ఆమె కొలిచింది.

అదే రోజు మళ్లీ చెరువుకు వెళ్లాం. ఈసారి జట్లను మార్చి, కొత్త ఫోన్‌ను పడమటికి పంపాను. పడమటి పాయింట్లు మళ్లీ అదే చోట, సముద్రంలోనే పడ్డాయి. పనంతా మొదటికొచ్చినట్టు అనిపించినా ఆ ఫలితమే మాకు దారి చూపింది. ఫోన్ మారింది, మనిషి మారాడు, తప్పు మారలేదు. అదీ కాక నార్తింగ్ అంకెలన్నీ రెండు వైపులా చక్కగా కలుస్తున్నాయి, ఈస్టింగ్ ఒక్కటే తేడా. యాదృచ్ఛికంగా వచ్చే తప్పు ఇంత పద్ధతిగా రాదు. తప్పు అంకెల్లో లేదు, అంకెలను మనం చదువుతున్న తీరులో ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో పటం ముందు కూర్చున్నాక తట్టింది. 78 డిగ్రీల రేఖాంశం మహబూబ్‌నగర్ పక్కనుంచే పోతుంది. యూటీఎంలో 43వ జోన్ ముగిసి 44 మొదలయ్యేది సరిగ్గా అక్కడే. దేవరకద్ర, నారాయణపేట, గద్వాల 43 లో, జడ్చర్ల, వనపర్తి 44 లో ఉంటాయి. మేం కొలిచిన చెరువును ఆ గీత నడుమకు కోస్తోంది. ఫోన్ జోన్ నంబరును ప్రతిసారీ చూపిస్తూనే ఉంది, 43 క్యూ, 44 క్యూ అని. దాన్ని రాసుకోవడానికి నేను గీయించిన పట్టికలో గడి లేదు.

కట్ట మీద

ఇప్పుడు రెండు దారులు ఉన్నాయి. ల్యాబులో కారణం చెప్పేసి, పడమటి పాయింట్లకు 43 అని పెట్టి ముగించడం ఒకటి. పది నిమిషాల పని. కానీ డేటమ్ పాఠం కూడా నేను చెప్పేసిందే, వాళ్లు విన్నదే. ఇంకోసారి అదే పద్ధతిలో చెప్పాలనిపించలేదు. గీత ఎక్కడుందో వాళ్ల పాదాలకే తెలియనివ్వాలి అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కట్ట మీదికి తీసుకెళ్లాను. జోన్ మాట ఎత్తలేదు. యాప్‌లో పైన రేఖాంశం, కింద యూటీఎం, రెండూ కనిపించేలా పెట్టించి, పడమర నుంచి తూర్పుకు మెల్లగా నడవమన్నాను. నడుస్తూ అంకెలు గట్టిగా చదవాలి.

77.9985. 77.9991. కట్ట మీద మేకలు తోలుకొస్తున్న పెద్దాయన పక్కకు జరిగి నిలబడి చూశాడు. 77.9997. ఈస్టింగ్ 8,19,800 దాటి పెరుగుతోంది. ఆ తర్వాత ముందున్న కుర్రాడు నోరు తెరిచి ఆగిపోయాడు. రేఖాంశం 78.0000 అయింది, ఈస్టింగ్ ఒక్క అడుగులో 1,80,100 కు పడిపోయింది. వెనక్కి ఒక అడుగు వేశాడు, మళ్లీ ఎనిమిది లక్షలు. ముందుకు, లక్షా ఎనభై. పద్నాలుగు మందీ ఒకరి తర్వాత ఒకరు ఆ చోటికి వచ్చి ముందుకూ వెనక్కూ అడుగులు వేశారు. ఫోన్ అన్నాక కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి గీత ఒక్కొక్కరికి ఒక్కో చోట తగిలింది. దాని మీద కూడా వాదులాడుకున్నారు. నేను కల్పించుకోలేదు.

ఆ అమ్మాయి వాళ్ల నాన్న కిరాణం కొట్టులో సాయంత్రాలు కూర్చుంటుంది. అంకెలు కనపడితే కూడడం అలవాటు. గీతకు అటొకరిని, ఇటొకరిని నిలబెట్టి ఇద్దరి అంకెలు చదవమంది. 8,19,887. 1,80,116. చేతి మీద పెన్నుతో కూడింది. "మేడం, పది లక్షల మూడు." ఇంకో జంటను నిలబెట్టింది. ఈసారి పది లక్షలకు నాలుగు తక్కువ వచ్చింది. "ప్రతిసారీ పది లక్షల దగ్గరికే ఎందుకొస్తుంది?"

ఇంత మంచి ప్రశ్న నేను తయారు చేసి ఇవ్వలేను. సంచిలోంచి బత్తాయి తీశాను. ముందే వలిచి పెట్టుకున్నాను. భూమిని యూటీఎం బత్తాయిలాగా 60 తొనలుగా విడదీస్తుంది, ఒక్కో తొన ఆరు డిగ్రీలు. ప్రతి తొనకూ నడుమ ఒక రేఖ ఉంటుంది. 43కు 75 డిగ్రీలు, 44కు 81 డిగ్రీలు. ఆ నడిమి రేఖకు సున్నా అని కాకుండా ఐదు లక్షల మీటర్లు అని పేరు పెట్టారు, పడమటి వైపు మైనస్ అంకెలు రాకుండా. మన చెరువు 43కు తూర్పు అంచున, 44కు పడమటి అంచున ఉంది. ఒక తొన నుంచి చూస్తే ఐదు లక్షలకు దాదాపు 3,19,900 ఎక్కువ, పక్క తొన నుంచి చూస్తే ఐదు లక్షలకు అంతే తక్కువ. కూడితే పది లక్షలు. తీసేస్తే దాదాపు 6,40,000 మీటర్లు, అంటే 640 కిలోమీటర్లు. మన చెరువు సముద్రంలోకి జరిగిన దూరం అదే.

ఈ చివరి వాక్యం నేను చెప్పలేదు. తీసివేత కూడా ఆ అమ్మాయే చేసింది.

పని చేసినవి

ల్యాబుకు వచ్చి పడమటి పాయింట్లను 43వ జోన్‌గా తెరిచి 44లోకి మార్చాం. రెండు సగాలూ వచ్చి అతుక్కున్నాయి. విస్తీర్ణం 58 ఎకరాలు వచ్చింది. గూగుల్ ఎర్త్ మీద అదే అంచు గీసి చూస్తే తేడా రెండెకరాల లోపే. ఆ తేడా ఎక్కడిదో కూడా వాళ్లే చెప్పారు. శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే నేలలో) ఒక మూల సర్కారు తుమ్మ దట్టంగా ఉంది, లోపలికి పోలేక చుట్టూ తిరిగారు.

ఆ తర్వాత మా ప్రాక్టికల్ పద్ధతి మార్చాను. ఫీల్డులో దశాంశ డిగ్రీలే రాస్తారు, మీటర్లలోకి మార్చడం ల్యాబులో, అందరివీ కలిపి ఒకే జోన్‌లోకి. యూటీఎం నేరుగా రాయాల్సి వస్తే మొదటి గడి జోన్‌దే. చేత్తో గ్రాఫ్ గీయడం మాత్రం వదల్లేదు. మీటర్లలోకి మార్చాక గీయిస్తున్నాను.

ఇంతకంటే నాకు ముఖ్యమనిపించే మార్పు ఇంకొకటి ఉంది. తప్పు వస్తే కారణం వెతికే ముందు అది ఎంత దూరం పడిందో కొలవాలన్న నియమం. డేటమ్ పాఠం చివర ఆ అమ్మాయి చేసింది అదే. ల్యాబు గోడ మీద చార్టు పేపరు అంటించి, పిల్లలతోనే తప్పులు కావాలని చేయించి దూరాలు రాయించాను. ఆరుబయట ఫోన్ తేడా ఐదు మీటర్ల లెక్కలో ఉంటుంది. చెట్టు కింద, రెండంతస్తుల గోడ పక్కన పదుల మీటర్లు. పాత టోపోషీటు మీద డేటమ్ మార్చకపోతే ఒకటి రెండు వందల మీటర్లు. నిమిషాలను దశాంశాలు అనుకుంటే అసలు గందరగోళం అక్కడ మొదలవుతుంది. మహబూబ్‌నగర్ దగ్గరి 16 డిగ్రీల 44 నిమిషాలు, 77 డిగ్రీల 59 నిమిషాలను 16.44, 77.59 అని కొడితే పాయింటు యాభై కిలోమీటర్లు దాటి మక్తల్ ప్రాంతంలో పడుతుంది. జోన్ తప్పితే 640 కిలోమీటర్లు. అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం కొడితే ఏడున్నర వేల కిలోమీటర్లు జరిగి ఉత్తర ధ్రువం దాపున నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల మంచులో పడతాం. ఆ చివరిది కొట్టి చూసినప్పుడు క్లాసు మొత్తం తెర ముందు గుమిగూడింది.

ఆ చార్టు పెట్టాక పిల్లల మాట తీరు మారింది. "మేడం, ఫోన్ తప్పు చూపిస్తుంది" అనేవాళ్లు, ఇప్పుడు "మేడం, నూట అరవై మీటర్లు జరిగింది" అంటున్నారు. ఇలా అన్నాక సగం పని అయిపోయినట్టే, డేటమ్ చూసుకోమని ఒక్క మాట చెబితే చాలు.

ఇంకా కుదరనివి

నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదన్న నమ్మకం అంత తేలిగ్గా పోలేదు. కట్ట మీద ఫోన్లను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించి చూపించాను. పటం రాలేదు కానీ అంకెలు వచ్చాయి. ఉపగ్రహం తన స్థానం వివరం పూర్తిగా చెప్పడానికి 30 సెకన్లు పడుతుంది, నెట్ ఉంటే ఫోన్ ఆ వివరం ముందే తెచ్చుకుంటుంది, అందుకే తొందరగా దొరుకుతుంది అని చెప్పాను. అయినా వార్షిక పరీక్షలో ముగ్గురు "ఇంటర్నెట్ ద్వారా" అనే రాశారు. అంకె రావడం కళ్లారా చూసినవాళ్లే. పటం రాకపోవడమే వాళ్ల మనసులో నిలిచిపోయినట్టుంది. ఈసారి పటం అసలు లేని యాప్‌తో చేయించాలని ఉంది.

సెల్ టవర్‌ను, ఉపగ్రహాన్ని వేరు చేసి చూడటంలోనూ కొందరికి తికమక ఉంది. ఉపగ్రహాల జాబితా చూపించే యాప్ కొంత సాయపడింది. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ అన్నీ ఒకే తెర మీద వస్తాయి. రెండు ఫోన్లలో మన ఇస్రో నావిక్ కూడా కనిపించింది. మిగతా పన్నెండు మందీ తమ ఫోన్‌లో ఎందుకు రావడం లేదని అడిగారు. నావిక్ వినగలిగే చిప్ అన్ని ఫోన్లలో ఉండదని చెబితే చాలాసేపు నిరాశగా ఉన్నారు. వాళ్ల నిరాశ చూసి నాకు సంతోషమే కలిగింది. ఉపగ్రహం మాట్లాడుతుంది, వినే చెవి ఫోన్‌లో ఉండాలి అన్న సంగతి ఆ రోజు మళ్లీ ఒకసారి చెప్పడానికి వీలు దొరికింది.

నల్లగొండ వైపు పనిచేసే ఒక స్నేహితురాలికి ఇదంతా చెబితే, "మా జిల్లా అంతా 44 లోనే కదా, మాకు ఈ బాధ లేదు" అంది. జోన్ బాధ లేదు, నిజమే. కానీ నల్లగొండ పట్టణం దగ్గర అక్షాంశం 17 డిగ్రీల 3 నిమిషాలు. దాన్ని 17.03 అని కొడితే రెండు కిలోమీటర్లే జరుగుతుంది, పాయింటు పక్క ఊళ్లో పడుతుంది, తప్పని ఎవరికీ అనిపించదు. 17.3 అని కొడితే దాదాపు 28 కిలోమీటర్లు. మా చెరువు సముద్రంలో పడింది కాబట్టి వెంటనే తెలిసింది. వాళ్ల తప్పు భూమి మీదే, చూడటానికి సరైన చోటులాగే కనిపిస్తుంది. వచ్చే సెమిస్టర్‌లో ఆమె తన పిల్లలతో ముందుగా ఆ మూడు నిమిషాల లెక్కే చేయించబోతోంది. మేమిద్దరం రికార్డు బుక్కు పట్టిక ఒకేలా ఉండేట్టు కూర్చుని గీసుకున్నాం. జోన్ గడి ఆమె పట్టికలోనూ ఉంది.